ఇటుకల ఆట: అసలు, నకలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానములలో పండు రెండు ముఖ్యమైన పంటలకు ఒక సమానధర్మము కలదు. పత్తియు, ఎండుమిరపయు బరువునకు తక్కువ, చోటునకు ఎక్కువ. వాటిని పండించుట ఎంత పనియో, సందు లేకుండ కూర్చి తరలించుటయు అంత పనియే. పత్తి విషయమున యంత్రము సాయపడును. జిన్నింగు మిల్లులో దానిని గట్టిగా నొక్కి 170 కిలోల బేళ్లుగా కట్టుదురు. మిరపకాయను మాత్రము 'టిక్కీ'లని పిలువబడు బస్తాలకెత్తి గుంటూరు యార్డునకు తేవలెను. ధర రానిచో కోల్డ్ స్టోరేజీలో వరుసపై వరుసగా పేర్చి వేచియుండవలెను. నిండిన బస్తాను నొక్కి చోటు సంపాదించుట కుదరదు. ఒక వరుసలో సందు మిగిలినచో పై వరుస కుంగును. అది కుంగినచో దానిపై వరుస ఒరుగును. బస్తాను ఏ వైపునకు త్రిప్పి దించవలెనో హమాలీ భుజముపై నుండగానే నిశ్చయించుకొనును. దించిన పిదప ఆలోచించుటకు వ్యవధి యుండదు, క్రింద మరొక బస్తా సిద్ధముగా నుండును.

సరిగా ఈ చిక్కునే ఆటగా మార్చిన చేతిబొమ్మ యొకటి 1990 తరువాతి సంవత్సరములలో ఈ మైదానపు పట్టణములకును, పల్లెలకును చేరినది. ఫ్యాన్సీ దుకాణములలోను, తిరునాళ్ల అంగళ్లలోను అది దొరకెడిది. అరచేతి కంటె కొంచెము పొడవైన ప్లాస్టిక్ డబ్బా. పై సగమున చిన్న గాజు తెర. క్రింద ఒక ప్రక్క నాలుగు మీటలు, రెండవ ప్రక్క పెద్ద గుండ్రని మీట యొకటి. వెనుక మూత తీసి పెన్సిల్ సెల్లులు వేసినచో చెవులు గింగురుమను చిన్న పాట మ్రోగి ఆట ఆరంభమగును. బూడిదవన్నె తెరపై నల్లని గడులు నాలుగేసి జతగూడి, ఒక్కొక్క జత ఒక్కొక్క ఆకారమున, పైనుండి దిగుచుండును. ఆటగాడు వాటిని కుడియెడమలకు జరిపి, గుండ్రని మీటతో త్రిప్పి, అడుగున సందు లేకుండ కూర్చవలెను. ఒక వరుస పూర్తిగా నిండినచో అది మాయమై, పైనున్నవి ఒక మెట్టు దిగును. నింపలేనిచో గుట్ట పెరిగి, తెర పైఅంచును తాకి, ఆట ముగియును.

డబ్బాపై 'బ్రిక్ గేమ్' అనియు, దానికి తోడు '9999 ఇన్ 1' అనియు ముద్రించియుండును. ఒకే యంత్రములో 9999 ఆటలని దాని అర్థము. పిల్లలకు కలిగిన మొదటి ఆశాభంగము ఇచ్చటనే. నిజముగా వేరువేరైన ఆటలు అందులో వ్రేళ్లపై లెక్కింపదగినవి: ఇటుకలు పేర్చుట, పాము, కారు పందెము, తుపాకి ట్యాంకు, వీధి దాటు కప్ప, మరికొన్ని. ఒకే ఆటను తలక్రిందులు చేసి, వేగము మార్చి, ఆరంభమున కొన్ని వరుసలు ముందే నింపి, ప్రతి మార్పునకు ఒక క్రొత్త సంఖ్య వేసి, ఆ విధముగా వేలకు వేలు లెక్క చూపిరి. దుకాణదారుడు ఈ మోసమున భాగస్వామి కాడు. అతడును డబ్బాపై నున్నదే చదివెను. నూరవ ఆటవరకు మీట నొక్కుచు పోయి, మరల మొదటి ఆటే ఎదురుకాగా, బొమ్మను ప్రక్కన పడవేసిన పిల్లలును కలరు. ఆ పిదప కొంతసేపటికి మరల చేతికి తీసికొని మొదటి ఆటనే, అనగా ఇటుకల ఆటనే, ఆడినవారు అంతకంటె ఎక్కువమంది. ఆ ఒక్క ఆట 9999 అబద్ధములను మోసుకొని ఎట్లు నిలిచినదో తెలియవలెనన్న దాని పుట్టుక చూడవలెను.

ఆ ఆట అసలు పేరు టెట్రిస్. అది 1984లో మాస్కోలో పుట్టినది. సోవియట్ శాస్త్రపరిషత్తునకు చెందిన గణన కేంద్రములో పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ దానిని 'ఎలక్ట్రానికా 60' అను కంప్యూటరుపై రచించెను. ఆ కంప్యూటరునకు బొమ్మలు గీయు శక్తియే లేదు. అక్షరములను మాత్రమే తెరపై చూపగలదు. పజిత్నోవ్ రెండు బ్రాకెట్లను ఎదురెదురుగా నిలిపి ఒక గడి యనిపించెను. 10 గడుల వెడల్పు, 20 గడుల ఎత్తు గల గొట్టము. అందు పడు బ్రాకెట్లు. రంగు లేదు, సంగీతము లేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది, ఏలనన తరువాత వచ్చిన నకళ్లను తూచుటకు ఇదియే తూనికరాయి.

ఆలోచన మాత్రము అంతకంటె పాతది. గడులను అంచులు కలియునట్లు అతికించి ఆకారములు చేసి, వాటితో చట్రములు నింపు సమస్యలు ఇంగ్లండులో హెన్రీ డ్యూడెనీ 1907 నాటి తన సమస్యల గ్రంథములో చూపెను. అమెరికాలో సాలమన్ గోలంబ్ 1953లో ఈ ఆకారములకు పేర్లు పెట్టి, వాటిని గణితశాస్త్ర విషయముగా మలచెను. ఐదేసి గడుల బిళ్లలు 12 రకములు. మాస్కోలో దొరకు చెక్క ఆటవస్తువులలో ఆ 12 బిళ్లల పెట్టె యొకటి. పజిత్నోవ్‌కు అది ప్రియమైనది. కాని పరుగెత్తు ఆటలో 12 ఆకారములు మనసునకు భారమగునని ఐదును నాలుగు చేసెను. నాలుగు గడులతో ఏర్పడు ఆకారములు, త్రిప్పినపుడు ఒకటే యగువానిని ఒకటిగా లెక్కించినచో, సరిగా ఏడు: పొడుగు కడ్డీ, నాలుగు గడుల చతురస్రము, 'టి' ఆకారము, ఒకదానికొకటి అద్దములో నీడవలె నుండు 'ఎస్', 'జెడ్'లు, అట్లే 'ఎల్', 'జె'లు. మానవుని మనస్సు ఒక్కసారిగా పట్టుకొనగల వస్తువులు ఏడింటికి అటునిటుగా నుండునని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆట ఆ మేరకే కుదిరినది.

ఈ ఏడు బిళ్లలను అట్టముక్కతో కత్తిరించుకొని ఇంటిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. ఏడింటిలో మొత్తము 28 గడులు. 4 గడుల వెడల్పు, 7 గడుల పొడవు గల చట్రములోను 28 గడులే. అయినను ఏడు బిళ్లలను ఒక్కొక్కటి చొప్పున వాడి ఆ చట్రమును నింపుట అసాధ్యము. చట్రమును చదరంగపు బల్లవలె నలుపు తెలుపు గడులుగా రంగు వేసినచో కారణము తెలియును. కడ్డీ ఎచ్చట పెట్టినను రెండు నల్లని, రెండు తెల్లని గడులను కప్పును. మిగిలిన వానిలో ఐదు బిళ్లలును అట్లే. 'టి' ఒక్కటి మాత్రము ఒక రంగువి మూడు, రెండవ రంగువి ఒకటి కప్పును. కావున ఏడు బిళ్లలు కలసి కప్పునవి 15 ఒక రంగు, 13 మరొక రంగు. చట్రములో నున్నవి 14, 14. గంటల తరబడి ప్రయత్నించినను కుదరని పనిని నాలుగు వాక్యములలో తేల్చివేయు ఈ యుక్తి గోలంబ్ మొదలగువారికి మిక్కిలి ఇష్టమైనది.

మాస్కోలో ఆ ఆట చేతినుండి చేతికి ప్రాకినది. వదీమ్ గెరాసిమోవ్ అను 16 ఏండ్ల విద్యార్థి దానిని ఐ.బి.ఎమ్. కంప్యూటరునకు మార్చి రంగులు చేర్చెను. 1986లో హంగరీ మీదుగా అది పశ్చిమ దేశముల వ్యాపారుల కంటబడినది. తరువాతి హక్కుల తగవు సుదీర్ఘమైనది. ఆట కంటె తగవునకే ఎక్కువ ప్రసిద్ధి వచ్చినదన్నను తప్పులేదు. 1989 ఆరంభమున హెంక్ రోజర్స్, రాబర్ట్ స్టైన్, కెవిన్ మాక్స్‌వెల్ అను మువ్వురు ఒకే వారములో మాస్కో చేరి, 'ఎలార్గ్' అను ప్రభుత్వ సంస్థ గుమ్మము నెక్కిరి. చేతిలో పట్టుకొని ఆడు యంత్రములపై హక్కు రోజర్స్‌కు దక్కినది. ఆట సృష్టించినవానికి మాత్రము 1996 వరకు దానిపై రాబడి లేకపోయెను.

ఆ హక్కుతో జపాను దేశపు నింటెండో సంస్థ అదే సంవత్సరము తన 'గేమ్ బాయ్' యంత్రమునకు టెట్రిస్‌ను కూర్చెను. ఆ రూపమున అది దాదాపు 3 కోట్ల 50 లక్షల ప్రతులు అమ్ముడు పోయినది. అయితే ఇచ్చటనే ఒక చిన్న కోత పడినది. గేమ్ బాయ్ తెర ఎత్తు 144 చుక్కలు. ఒక గడికి 8 చుక్కలు. 144ను 8 చేత భాగించినచో 18. ఆ తెరపై 20 వరుసలు పట్టలేదు, 18తో సరిపెట్టిరి. లోకమంతయు 'అసలు' అని నమ్మిన చేతియంత్రపు టెట్రిస్ ఆ విధముగా రెండు వరుసలు పొట్టిది. తిరునాళ్లలో అమ్మిన నకలు బొమ్మ తెరపై మాత్రము గడులు 10 అడ్డము, 20 నిలువు, మాస్కోలో ఉండినట్లే.

గేమ్ బాయ్ ఈ ప్రాంతపు సామాన్య కుటుంబములకు అందుబాటులో నుండినది కాదు. చైనానుండి వచ్చిన బ్రిక్ గేమ్ అందుబాటులోనికి వచ్చినది. హక్కుదారులకు పైకము కట్టలేదు గనుకనే దానిపై టెట్రిస్ అను పేరు ఉండదు. ఇది దొంగ సరుకని అనుటకు సంశయింప నక్కరలేదు. అట్లని ఆ డబ్బాలోని పనితనమును తక్కువగా చూచుటయు న్యాయము కాదు. అందులోని కంప్యూటరు భాగము అతి చవుకైన ఒకే ఒక చిన్న చిప్పు. అంత చిన్న చిప్పుతో అంత పెద్ద ఆట ఎట్లు నడచినదన్న, ఆటయే చాల చిన్నది. గొట్టములో గడులు 200. ఒక్కొక్క గడి నిండినదా, ఖాళీయా అను ఒక్క సంగతియే యంత్రము గుర్తుంచుకొనవలెను. నిండినచో 1, లేనిచో 0. రెండువందల అట్టి అంకెలకు 25 బైట్ల స్థలము చాలును. ఈ వ్యాసములోని ఒక్క చిన్న వాక్యము అంతకంటె ఎక్కువ చోటు తీసికొనును. పడుచున్న బిళ్ల ఏది, ఎచ్చట నున్నది, తరువాతది ఏది, మార్కులెన్ని అను మరికొన్ని అంకెలు చేరినచో ఆట పూర్తియైనది. రంగులు, బొమ్మలు, పాటలు అన్నియు దానిపై కప్పిన దుప్పటులు.

తెర సంగతి వేరు. అది ఈ జిల్లాకు మరియొక విధముగ సంబంధించినది. గాజు పలకల నడుమ నున్నది ద్రవస్ఫటికము, అనగా ద్రవమువలె పారుచు, స్ఫటికమువలె అణువులు ఒక దిక్కునకు తిరిగియుండు పదార్థము. దీనిని 1888లో ప్రాగ్ నగరమున వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ మొదట గమనించెను. అతడు కాచిన పదార్థము 145.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగి మసకగా నిలిచి, 178.5 డిగ్రీల వద్ద మాత్రమే తేట యయ్యెను. రెండు మార్లు కరగు పదార్థమును ఎవరును విని యుండలేదు. 1970లో స్విట్జర్లండులో షాట్, హెల్ఫ్రిఖ్ అనువారు ఈ పదార్థముతో తెర చేయు ఉపాయము కనుగొనిరి. రెండు పలకల నడుమ అణువుల వరుస పావు చుట్టు మెలితిరిగి యుండును. ఆ మెలిక వెంట వెలుతురు తిరిగి బయటికి వచ్చును. ఆ గడికి కొద్దిపాటి విద్యుత్తు తగిలినచో మెలిక విడిపోవును, వెలుతురు ఆగిపోవును, గడి నల్లగా కనబడును. రెండువందల గడులకు రెండువందల తీగెలు తెచ్చుట కుదరదు గనుక వాటిని అడ్డవరుసలు, నిలువువరుసలుగా కలిపి, పొలములో మడులకు వంతులవారీగా నీరు పెట్టినట్లు, వంతులవారీగా విద్యుత్తు నిత్తురు. వంతు కానపుడు కూడ కొంత తడి తగులును గదా! చవుక తెరను ప్రక్కనుండి చూచినపుడు వెలుగని గడులు కూడ లీలగా కనబడుటకు కారణమిదియే.

ఎండాకాలమున ఈ తెర మరొక వింత చూపును. మైదానపు ఎండలో బండిపైననో అరుగుపైననో మరచి వదలిన బొమ్మ కొంతసేపటికి తెరయంతయు నల్లబడి, పాడైనదనిపించును. నీడకు తెచ్చి చల్లార్చినచో మరల యథాప్రకారము వెలుగును. వేడికి ద్రవస్ఫటికము మామూలు ద్రవముగా మారి అణువుల మెలిక చెదరిపోవును. మెలిక లేనిచో వెలుతురు బయటపడదు. రైనిట్జర్ చూచిన రెండవ కరగుట ఇదియే. ద్రవస్ఫటికములు ఏ వేడిమి వద్ద ఏ దశనుండి ఏ దశకు మారునో కొలుచు పరిశోధన గుంటూరు సమీపముననే, 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయములో, ఆచార్య వి.జి.కె.ఎం. పిసిపాటి బృందము చేసి అనేక పత్రములు ప్రకటించినది. ఎండకు నల్లబడిన బొమ్మను చూచి ఏడ్చిన పిల్లవాని ప్రశ్నకు జవాబు కొద్ది మైళ్ల దూరములోనే ఉండెను.

ఇక నకలుబొమ్మ లోపములు చెప్పవలెను. గోడకు ఆనుకొని దిగు కడ్డీని త్రిప్పబోయినచో చోటు లేదని అది మొండికేయును. మంచి యంత్రములు దానిని ఒక గడి ప్రక్కకు జరిపి త్రిప్పనిచ్చును. మీటల క్రింది రబ్బరు అరిగి, రెండుమార్లు నొక్కినచో ఒకమారు పనిచేయును. సెల్లు తీసినచో అంతవరకు సాధించిన గరిష్ఠపు మార్కు తుడిచిపెట్టుకొని పోవును. ఊరిలో నెవడు గొప్ప ఆటగాడో తేల్చుటకు సాక్ష్యము మిగులదు, నోటిమాటయే ప్రమాణము. ఇన్ని లోపములలోను అది ముట్టుకొననిది ఒక్కటి. బిళ్లలు వరుసతప్పి, ఏది ముందో ఏది వెనుకో తెలియక, నిర్దయగా పడుచునేయుండును. ఆటగాడు ఎంతటివాడైనను తుదకు ఓడును.

ఓటమి తప్పదనుట నానుడి కాదు. దానికి గణిత నిరూపణము కలదు. 1992లో కెనడాలో జాన్ బ్రస్టోవ్‌స్కీ ఈ ప్రశ్నను తన పరిశోధన వ్యాసమునకు విషయముగా తీసికొనెను. 1997లో హైడీ బర్గియెల్ దానిని చక్కని ముడిగా బిగించెను. నిరూపణమునకు కావలసినవి 'ఎస్', 'జెడ్' బిళ్లలు రెండే. 'ఎస్'ను నిలువుగా నిలిపినచో రెండు గడుల వెడల్పు గల బాటను ఆక్రమించును. దానిపై మరొక 'ఎస్' సందులేకుండ కూర్చొనును. 'జెడ్'పై 'జెడ్' అట్లే. 'ఎస్'పై 'జెడ్' కూర్చున్నచో సందు తప్పదు. గొట్టము వెడల్పు 10 గడులు, అనగా రెండేసి గడుల బాటలు ఐదు. ఎస్, జెడ్, ఎస్, జెడ్ అని మార్చి మార్చి పడుచున్నవనుకొందము. రెండును సమసంఖ్యలో వచ్చును. బాటలు మాత్రము ఐదు, బేసి సంఖ్య. ఒకదానికి రెండు బాటలు, రెండవదానికి మూడు ఇచ్చినచో రెండు బాటలవైపు గుట్ట వేగముగా పెరుగును. దానిని సరిచేయుటకు ఒక బిళ్లను పరాయి బాటలో పెట్టవలెను. పెట్టిన మరుక్షణమే సందు పడును. ఈ సందులు పేరుకొని, దాదాపు 70,000 బిళ్లలు పడులోగా ఎంతటి ఆటగాడైనను పడిపోవునని బర్గియెల్ లెక్క తేల్చెను. యంత్రము యదృచ్ఛగా బిళ్లలు వేయునప్పుడు సరిగా అట్టి వరుస తటస్థించుట మిక్కిలి అరుదు. అయినను అంతులేని ఆటలో ఎప్పుడో ఒకప్పుడు అది రాక తప్పదు. మనుష్యులు అంతవరకు ఆగరు. చేయి తడబడి ముందే ఓడుదురు.

2002లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో ఎరిక్ డిమైన్, సూసన్ హోహెన్‌బర్గర్, డేవిడ్ లిబెన్-నోవెల్ మరొక సంగతి చూపిరి. రాబోవు బిళ్లలన్నియు ముందే తెలిసినను, వాటిని అత్యుత్తమముగా పేర్చుట కంప్యూటరునకు కూడ మహాకష్టము. వారి నిరూపణము ఒక బస్తాల లెక్కపై ఆధారపడినది. కొన్ని వేర్వేరు బరువుల బస్తాలను మూడేసి చొప్పున విడదీసి, ప్రతి మూడింటి బరువును సమానముగా చేయగలమా? పది బస్తాలైనచో పిల్లవాడును తేల్చగలడు. వేల బస్తాలకు, అన్ని సందర్భములలోను త్వరగా తేల్చు పద్ధతి నేటివరకు ఎవరికిని తెలియదు. లారీకి బస్తాలెత్తు గుమాస్తా ఎదుర్కొను చిక్కే ఇది. అతడు ఉజ్జాయింపుతో సరిపెట్టుకొనును.

ఇట్టి ఆటను హక్కుదారులే స్వయముగా, సర్వాధికారములతో, మెరుగైన యంత్రముపై మరల చేసినచో ఎంత బాగుండవలెను! 2001లో 'గేమ్ బాయ్ అడ్వాన్స్' అను క్రొత్త చేతియంత్రమునకు టి.హెచ్.క్యూ. సంస్థ 'టెట్రిస్ వరల్డ్స్' అను రూపమును ప్రకటించెను. యంత్రము 32 బిట్లది, రంగుల తెర. తెర ఎత్తు 160 చుక్కలు గనుక 8 చుక్కల గడులతోనే 20 వరుసలును పట్టును. ఆటతోపాటు ఒక కథయు చేర్చిరి: 'మినో'లను జీవులు తమ సూర్యుడు ఆరిపోవుచుండగా ఆటద్వారా ఇతర గ్రహములకు ప్రయాణము చేయవలెనట. ఇటుకలకు కథ ఎందులకని అడిగినవారికి సమాధానము లేదు. అసలు ఆటకు తోడు ఐదు క్రొత్త రీతుల ఆటలనుగూడ కలిపిరి. వాటిలో ఒకటి రెండు సరదావే. కాని సమీక్షకులును, పాత ఆటగాండ్రును నిరాశపడిరి. ఆ నిరాశకు కారణము కథయు కాదు, రంగులును కాదు. ఒక చిన్న నియమము.

పాత ఆటలో బిళ్ల అడుగును తాకిన పిదప ఆటగానికి మిగులు వ్యవధి అతి స్వల్పము. క్రొత్త రూపమున, తాకిన తరువాత అర సెకండు గడువిచ్చి, ఆ లోపల బిళ్లను త్రిప్పినచో గడువు మరల మొదటికి వచ్చునట్లు చేసిరి. గుండ్రముగా త్రిప్పుచున్నంతకాలము బిళ్ల స్థిరపడదు. వేగము ఎంత పెరిగినను ఆటగాడు బిళ్లను బొంగరమువలె త్రిప్పుచు నింపాదిగా ఆలోచించుకొనవచ్చును. ఆరంభకులకు సులువు కావలెనన్నది వారి ఉద్దేశము. ఫలితమున వేగమునకు అర్థము పోయినది. దించిన పిదప ఆలోచించు వ్యవధి హమాలీకి దొరికినట్లయినది. అదే కాలమున హక్కుదారుల ప్రమాణములలో మరొక మార్పు స్థిరపడినది. ఏడు బిళ్లలను సంచిలో వేసి, ఒక్కొక్కటిగా అన్నియు తీసిన పిదపనే మరల ఏడింటిని వేయు పద్ధతి యది. దీనిలో కడ్డీకొరకు ఎంత వేచినను నడుమ 12 బిళ్లలకు మించి రావు. ఎస్, జెడ్‌లు కలిసి వరుసగా నాలుగింటికి మించవు. బర్గియెల్ చెప్పిన వరుసకు చోటే లేదు. రాబోవు బిళ్లలు కొన్ని ముందుగా కనబడి, ఒక బిళ్లను ప్రక్కన దాచుకొను వీలున్నచో, ఈ పద్ధతిలో ఎన్నటికి ఓడని ఎత్తుగడలు ఉన్నవని ఆటగాండ్రు చూపిరి. పోటీలకు సంచి పద్ధతి న్యాయమైనదే, ఇరువురికిని ఒకే విధమైన అదృష్టము దక్కును. అయితే త్రిప్పుటకు గడువును, సంచియు కలిసిన చోట ఆట ముగియవలసిన అవసరమే తొలగినది. ముగియని ఆటలో గెలుపునకు విలువ ఎచ్చటనుండి వచ్చును?

తరువాతి కాలమున సెల్‌ఫోనే చేతియంత్రమైనది. ఫోనులపై టెట్రిస్ హక్కును అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పొంది, 2011 చివర స్మార్ట్‌ఫోనుల కొరకు క్రొత్త రూపము విడుదల చేసినది. బిళ్ల పడబోవుచుండగా యంత్రమే రెండు మూడు మంచి చోట్లు చూపును; ఆటగాడు ఇష్టమైన చోట వ్రేలితో తాకినచో బిళ్ల అచ్చట వాలును. అదనపు సౌకర్యములకు నెలవారీ చందాయు ఏర్పరచిరి. పాత పద్ధతిలో జరిపి త్రిప్పి ఆడు వీలు మిగిలియున్నను, చోటు వెదకుటయే ఆటయైన చోట ఆ పనిని యంత్రము చేసిపెట్టుట విచిత్రము. హక్కుల గడువు దాటగా ఆ సంస్థ 2020 ఏప్రిల్ 21న తన టెట్రిస్ ఆటలను మూసివేసినది. గేమ్ బాయ్ జపానులో విడుదలైనది 1989 ఏప్రిల్ 21నే. మూసిన దినమునుండి ఆ ఆటలు కొనుక్కొన్నవారి ఫోనులలో కూడ తెరచుకొనలేదు.

బ్రిక్ గేమ్ తయారీ నేటికిని ఆగలేదు. అదే గుండ్రని మీట, అదే 10 గడుల వెడల్పు, అదే అబద్ధపు 9999. రంగు డబ్బాలు మాత్రము మారినవి. పాత బొమ్మలలో సెల్లు కారి తీగెలు పచ్చగా చిలుమెక్కినవి కొన్ని, తెర అంచున నల్లమచ్చ ప్రాకినవి కొన్ని. చిలుమును నిమ్మరసముతో తుడిచి క్రొత్త సెల్లులు వేసినచో చాల డబ్బాలు మరల మ్రోగును, మార్కు సున్నానుండి మొదలగును, మొదటి బిళ్ల దిగుట ఆరంభించును.